దాలమ్మ గుమ్మానికి వేపమండలు

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు ఆమదాలవలసలో రోళ్ళ సంగతి ఎవరూ చూడలేదు గాని, మనుషుల బుర్రలు మాత్రం పొద్దున్నే పేలిపోతున్నాయి. అలాంటి ఒక పొద్దున్న దాలమ్మ, పళ్ళు తోముకుంటున్న మొగుడి ఎదురుగా నిలబడి, "ఏటయినా సరే, ఇది బతకాల" అంది.

ఇది అంటే ఆమె చేతిలోని గోధుమరంగు కుక్కపిల్ల. గుప్పెడంత ఉంది. తల్లి గూడ్సుబండి కింద పడిపోతే, దాలమ్మ కూతురు, ఐదేళ్ళ జగదీశ్వరి, దాన్ని పరికిణీలో చుట్టి ఇంటికి తెచ్చింది. నిన్న రాత్రి మేనమామ వచ్చి పిల్లను నౌపడ తీసుకుపోయాడు. "నానొచ్చీసరికి ఇది సచ్చిపోతే నీతో మాటాడనమ్మా!" అని ఆ పిల్ల స్టేషనుదాకా ఏడుస్తూనే వెళ్ళింది. కన్నకూతురు మాట్లాడదంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

పశువుల కాంపౌండరు కూర్మయ్యను అడిగితే, "ఇంత పసికూనకి వడగాడ్పు తగిలితే నిలవదు. నీడ, గాలి, సల్లటి నేల, తాగడానికి నీళ్ళు. పొయ్యి సెగ దగ్గిరికి రానీకండి" అన్నాడు. ఇవన్నీ చెయ్యవచ్చు. కాని పక్క వాటాలో ఇల్లుగలావిడ తవిటమ్మ ఉంది. అద్దెకు దిగిన రోజునే ఆవిడ ఖరాఖండీగా చెప్పేసింది. "ఇంట్లో కుక్క అడుగెట్టిందంటే మీరు అడుగు బయటెట్టాల."

అందుకని పనంతా గుట్టుగా జరిగింది. మొగుడు గణపతిరావు చెట్టెక్కి వేపమండలు కొట్టుకొచ్చాడు. దాలమ్మ వాటిని గుమ్మానికి దట్టంగా కట్టింది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడదీసింది. నీళ్ళకుండ పక్కన ఇసక పరిచి, కుక్కపిల్లను పడుకోబెట్టి, మూతి అందేటట్టు మూకుడులో నీళ్ళు పెట్టి, ముందు ఇంకో తడి పట్టా అడ్డంగా వేలాడదీసింది. వంటపొయ్యి ఆ గోడకు ఆనుకునే ఉంది కనక దాన్ని ఆర్పేసింది.

"మరి నాకు తిండీ?" అన్నాడు గణపతిరావు. అతను రైసుమిల్లులో గుమాస్తా. కూర లేకపోయినా సర్దుకుంటాడు గాని, పోపు చిటపట వినకపోతే అన్నం దిగదు.

"సల్దన్నం, మజ్జిగ. ఉల్లిపాయ కొరుక్కో" అంది దాలమ్మ.

ఆ పోపు దగ్గరే కొంప మునిగింది. తవిటమ్మ ముక్కుకు పక్కవాటా పోపు గడియారం లాంటిది. వేళయినా వాసన రాకపోయేసరికి ఆవిడ లేచి వచ్చింది. గుమ్మానికి వేపమండలు. కిటికీలకు తడి పట్టాలు. పొయ్యిలో పిల్లి పడుకుంది. మొగుడూ పెళ్ళాం చల్దన్నం తింటున్నారు.

"గుంటేదే?" అంది తవిటమ్మ, గొంతు తగ్గించి.

"నౌపడెల్లింది అత్తా."

"ఎప్పుడెల్లింది? నాను సూడ్నేదే!"

"రేత్రి బండికి."

సరిగ్గా అప్పుడే లోపలినుంచి "కుయ్" మని సన్నగా మూలుగు వినిపించింది. గణపతిరావు గొంతులో మెతుకు అడ్డం పడింది. తవిటమ్మ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

"తప్పు, తప్పు. ఆ తల్లి పేరెత్తకూడదు. నువ్వేటీ సెప్పకు, నానేటీ అడగను" అని గుమ్మానికి దండం పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"బతికిపోనాం" అంది దాలమ్మ. బతికిపోవడం అంత సులువా? వేపమండలు కట్టి, పోపు మానేసి, చలవ చేస్తున్నారంటే ఆ వీధిలో అర్థం ఒక్కటే. ఇంట్లో పిల్లకు అమ్మోరు పోసింది. పోసిందని ఇంటివాళ్ళు నోటితో ఒప్పుకోరు. కాదన్నకొద్దీ అవునన్నమాటే.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు పెరుగన్నం ముంతలు, కొబ్బరిబోండాలు, పసుపునీళ్ళలో వేపరెమ్మలు వేసిన ముర్రాటలు బారులు తీరాయి. మిల్లుకు వెళ్ళిన గణపతిరావును మేస్త్రీ దూరం నుంచే దండం పెట్టి తరిమేశాడు.

"గుంట నౌపడలో ఉన్నాది. నిజంగా!" అని దాలమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. "కన్నకడుపు! ఎలా దాస్తన్నాదో సూడండి" అన్నారు.

"ఒసే, లోనున్నది కుక్కని సెప్పీదామే" అన్నాడు గణపతిరావు.

"సెప్తే ఈ ఎండలో దీన్నట్టుకుని ఏ గట్టెక్కుతాం? పొద్దు వాలీదాకా ఒక్క మాట జారేవంటే నాను మడిసిని కాను!"

ఇంతలో తవిటమ్మ డప్పులవాళ్ళను పిలిపించింది, తల్లికి శాంతి కావాలని. నాలుగు డప్పులు ఒక్కసారి మోగేసరికి కుక్కపిల్ల హడలిపోయి నీళ్ళమూకుడులో పడింది. దాలమ్మ శివంగిలా బయటికి దూకి, "ఆపండెహె! ఇప్పుడే కన్నంటుకున్నాది!" అని అరిచింది. డప్పులు ఆగాయి. ఇంకేమన్నా అనుమానం ఉన్నవాళ్ళకు అదీ తీరిపోయింది.

కబురు టీకాల నరసింగరావు చెవిన పడింది. అతని సైకిలు గంట వింటే చాలు, ఆ వీధి తలుపులన్నీ ధడాలున మూసుకుంటాయి. పిల్లల్ని గాదెల్లో దాచేవాళ్ళు, ముసలమ్మలు మంచాల కిందికి దూరేవాళ్ళు. వాళ్ళందరికీ నాయకురాలు తవిటమ్మ. ఈవేళ ఆవిడే ఎదురెళ్ళి సైకిలు పట్టుకుంది. "బాబూ, ముందు మా గుంటని సూడు నాయినా!"

దాలమ్మ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నా పేణం పోయినా లోనకి రానివ్వను!"

"చూడకుండా ఎలాగమ్మా? ఊరందరికీ ప్రమాదం" అన్నాడు నరసింగరావు. ఆ చేతుల కింది నుంచి వంగి దూరిపోయి గోనెపట్టా ఎత్తాడు. చల్లటి ఇసకలో కుక్కపిల్ల వెల్లకిలా పడుకుని, పొట్ట ఎగరేస్తూ నిద్రపోతోంది. గణపతిరావు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. దాలమ్మ కళ్ళనిండా నీళ్ళతో, "నా గుంటకి మాటిచ్చాను బాబూ. బయట పెట్టీకండి, సచ్చిపోతాది" అంది.

నరసింగరావు కుక్కపిల్లను చూశాడు. కిటికీ సందులోంచి వీధినంతా చూశాడు. ఒక్క తలుపూ మూసిలేదు. అతను మూతి బిగించుకుని, పట్టా జాగ్రత్తగా దించి, బయటికి వచ్చాడు.

"ఎలాగున్నాది నాయినా?" అంది తవిటమ్మ.

"లోపలికి ఎవరూ వెళ్ళొద్దు. అలాగే చల్లగా ఉంచండి" అన్నాడతను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. "మిగతావాళ్ళంతా చేతులు చాపండి."

తవిటమ్మ అందరికంటె ముందు చెయ్యి చాపింది. "రండర్రా! బేగి రండి! నాను ముసిల్దాన్నే ఏయించుకుంటన్నాను, మీకేటి రోగం?" అని దాక్కున్నవాళ్ళను కూడా లాక్కొచ్చింది. దాలమ్మకీ గణపతిరావుకీ, డప్పులవాళ్ళకీ కూడా సూది పడింది. పొద్దు వాలేసరికి వీధంతా అరుగుల మీద కూర్చుని జబ్బలు ఊదుకుంటోంది. నరసింగరావు ఈల వేసుకుంటూ సైకిలెక్కాడు.

గాలి చల్లబడింది. కుక్కపిల్లకు ఓపిక వచ్చింది. జన్మలో మొదటిసారి "భౌ" మంది.

తవిటమ్మ లోపలికి వచ్చి పట్టా ఎత్తింది. "కుక్క!" అంది. "కుక్కకా నాను ముర్రాటలెట్టింది?" వీధి అదిరేలా అరవడానికి నోరు తెరిచి, కిటికీలోంచి బయటికి చూసింది. తన మాట మీద సూది పొడిపించుకున్న జనమంతా అక్కడే ఉన్నారు. ఆవిడ నోరు మూసుకుంది.

దాలమ్మ కుక్కపిల్లను ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుంది. "రేపు పొద్దున్నే ఇల్లు కాళీ సేసీమంటావా అత్తా?"

"కాళీయా! మీరు బయటికెల్తే ఈ కుక్క సంగతీ బయటికొస్తాది కదే! ఈ జనం నన్ను బతకనిస్తారా?" అంది తవిటమ్మ, వాచిన జబ్బ పట్టుకుని. "నోరు మూసుకుని లోనే ఉండండి. గుంట నౌపడ నించొచ్చాక, ఈ కుక్కని నానే తెప్పించానని సెప్తాను, దొంగల బయానికి."

ఆ రాత్రికి ఆ వీధిలో టీకా పడని ప్రాణి కుక్కపిల్ల ఒక్కటే.