వదిన లాగిన్

ఉద్యోగి రాజీనామా చేయవచ్చు గానీ, పనిచేస్తున్న పాస్‌వర్డు రాజీనామా చేయరాదన్నది వీధిదీపాల శాఖ సుస్థిర అభిప్రాయం. ఈ సంగతి శాఖ ఎక్కడా రాసిపెట్టలేదు. (రాసిపెట్టాలంటే ముందు లాగిన్ అవ్వాలి.)

ఆ శాఖ కంప్యూటర్లలోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో తేల్చే డేటాబేసుకి కాపలాదారుణ్ణి ఆఫీసులో తాళాలాయన అంటారు. ఆయన వదిన అదే ఆఫీసులో పద్నాలుగేళ్లు గుమాస్తాగా చేసి, మూడు నెలల కిందట మానేసింది. ఒక బళ్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పాత ఆఫీసు నుంచి రిలీవింగ్ లెటరు తెచ్చిస్తే సరే, లేదంటే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

లెటరు కోసం పెట్టుకున్న దరఖాస్తు సోమవారం తిరిగొచ్చింది. "దరఖాస్తుదారు ఈ ఉదయం 9.02కి లాగిన్ అయి, శ్రద్ధగా పనిచేయుచున్నారు. పనిలో ఉన్నవారు వెళ్లిపోయినట్టు పత్రం ఇవ్వబడదు."

"ఏమయ్యా మరిదీ, తొమ్మిదింటికి నేను మీ అన్నయ్య చొక్కాలు ఆరేస్తున్నాను కదా!" అంది వదిన.

మరిది తలొంచుకున్నాడు. తప్పు పూర్తిగా భద్రతదే. శాఖవారు పాస్‌వర్డు ప్రతి పదిహేను రోజులకీ మార్చాలన్నారు. పాత ఇరవైనాలుగింటిలో ఏదీ మళ్లీ వాడకూడదన్నారు. మర్చిపోతే కొత్తది కోరుతూ లాగిన్ అయి దరఖాస్తు పెట్టమన్నారు. నెల తిరిగేసరికి నలభైమంది సిబ్బందీ లోపలికి రాలేక బయటే ఉండిపోయారు. (తాళాలాయన కాపలా లాగిన్ సిబ్బంది లెక్కలోకి రాదు.) పాస్‌వర్డుకి గడువనేదే లేని తొలినాళ్ల పద్ధతిలో తెరిచిన అకౌంటు ఒక్క వదినదే మిగిలింది. దాంతో ఆఫీసంతా అందులో కాపురం పెట్టింది. ముప్పై రోజులు లాగిన్ కాని ఆ నలభైమందినీ డేటాబేసు చక్కగా చెరిపేసింది. రికార్డుల ప్రకారం ఊరి దీపాలన్నీ వదినే వెలిగిస్తోంది, వదినే ఆర్పుతోంది, కాలిపోయిన బల్బుల మీద ఫిర్యాదు చేసేదీ వదినే, విచారించేదీ వదినే. (ఉత్తమ ఉద్యోగి పురస్కారం వరసగా మూడు నెలలు. వచ్చి తీసుకోలేదని సంజాయిషీ నోటీసు కూడా.)

"నీ చేతిలోనే ఉంది కదా, తీసిపారెయ్!" అంది వదిన.

"తీసేయాలంటే అధికారిగారు ఆమోదించాలి వదినా. ఆయన ఆమోదించేది నీ లాగిన్‌తోనే."

శుక్రవారం నాలుగింటికి లెటరు కోసం ఆవిడ స్వయంగా ఆఫీసుకొచ్చింది. ప్రవేశ భద్రతాధికారి లేచి నిలబడ్డారు, కానీ పదకొండో నిబంధన మర్చిపోలేదు.

"మీరు మీరేనని రుజువు కావాలమ్మా. మీరు మొదట పెంచిన జంతువు?"

"నేనేం పెంచలేదండీ, ఇతగాడి అన్నయ్యని తప్ప."

"తప్పు."

ఎవరో ఎప్పుడో ఆ జవాబు మార్చేశారు. నలభైమందికీ అది నోటికొచ్చు. "చిలకండీ, చిలక!" అని అటెండరు గుసగుసలాడాడు. పక్కవాళ్లు చెప్పరాదని అధికారిగారు కసిరారు. వదిన పట్టుదల మనిషి. పిల్లి అంది, ఆవు అంది. అన్నీ అధికారిగారు కంప్యూటర్లో కొడుతూనే ఉన్నారు. మూడు తప్పులూ పూర్తయ్యాయి. అకౌంటు బిగుసుకుపోయింది.

నలభై తెరలు ఒక్కసారి నల్లబడ్డాయి. నలభై కుర్చీలు కిర్రుమన్నాయి. చీకటి పడటానికి రెండు గంటలుంది, దీపాలు వెలిగించే మనిషి మాత్రం తాళం బయట నిలబడి ఉంది.

"తియ్యవయ్యా తొందరగా!" అన్నారు అధికారి.

తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. బిగుసుకున్న అకౌంటు విప్పాలంటే, ఎదురుగా ఉన్నది అసలు మనిషేనని అధికారి స్వహస్తాలతో రాసివ్వాలి సార్, పన్నెండో నిబంధన, అన్నాడు. అధికారిగారు పెన్ను తీశారు. వదిన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను నేనేనని రాస్తే, మూడు నెలలుగా నేనిక్కడ లేనని కూడా రాయాలి. ముందు నా లెటరు."

"అది సిస్టంలో రావాలమ్మా!"

"సిస్టం నేనే కదండీ. రానంటున్నాను."

పదిహేనేళ్ల తర్వాత ఆ ఆఫీసులో ఒక లెటరు చేత్తో రాశారు. ముద్ర కొట్టేటప్పటికి నాలుగూ నలభై. వదిన పరుగుపరుగున బడికి పోయింది. లెటరు ఇచ్చాక అకౌంటు ఉండటానికి వీల్లేదు కాబట్టి, తాళాలాయన అధికారి చూస్తుండగానే దాన్ని చెరిపేశాడు. పట్టరాని సంతోషమేసింది. తర్వాత డేటాబేసులో ఎంతమంది మిగిలారో లెక్కచూశాడు.

ఆరున్నరకి ఇంటికొచ్చాడు. వీధి దీపాలు వెలుగుతున్నాయి. వదిన కొత్త బడి టైంటేబులు అందరికీ చూపిస్తోంది.

"నీ ధర్మమా అని బయటపడ్డానయ్యా. పాపం మీ ఆఫీసు ఎలా నడుస్తోందో మరి, అందరూ ఏం చేశారు?"

మరిది చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు అందరూ నేనే వదినా."