మొదటి పది లైన్లు

ఆ రోజు ఏ పనీ చేయకూడదని నీళ్ళ ఆఫీసు ఇన్‌చార్జి పొద్దున్నే గట్టిగా నిర్ణయించుకున్నాడు. సాయంత్రం పెద్ద ఇంజినీరుగారు తనిఖీకి వస్తున్నారు. ఆయనకు నచ్చితే ఇన్‌చార్జి ఇదే ఊళ్ళో పర్మనెంటు అవుతాడు. చాలాకాలం చెరో ఊళ్ళో ఉండి కాపురం చేశాక, భార్యకు ఈమధ్యే ఇక్కడి బడికి బదిలీ అయింది. ఇద్దరి పళ్ళాలూ ఒకే వంటగదిలో కడుక్కోవడం ఎంత సుఖమో వాళ్ళకే తెలుసు.

"ఏమండీ, ఇవాళ ఒక్కరోజు దేన్నీ ముట్టుకోకండి. కుర్చీలో కూర్చుని వచ్చెయ్యండి, చాలు," అంది భార్య, అన్నం డబ్బా చేతికిస్తూ.

"కూర్చోవడం కూడా నాకు నేర్పాలా?" అన్నాడు ఇన్‌చార్జి.

ఆఫీసులో కంప్యూటర్ అమ్మాయి పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. వెళ్ళేముందు ఆయనకు ఒకే ఒక్క విద్య నేర్పింది. నల్లటి తెర మీద 'హెడ్' అని కొట్టి, పక్కన ఫైలు పేరు కొడితే, ఆ ఫైలులోని మొదటి పది లైన్లు కనిపిస్తాయి. ఫోన్ నంబర్ల ఫైలులో ముఖ్యమైనవాళ్ళంతా పైనే ఉంటారు కనుక ఒక్కరోజుకు అది చాలనుకుంది. పాపం, ఆమె తప్పేమీ లేదు.

ఊరికే కూర్చోవడం ఇన్‌చార్జికి కాసేపటికే విసుగు పుట్టించింది. ట్యాంకులో నీటిమట్టం ఎంతుందో కంప్యూటర్ తనంతట తాను రాసుకుపోయే ఫైలు ఒకటుంది. ఆయన దాని మీద 'హెడ్' కొట్టాడు. పది లైన్లు వచ్చాయి. పదింటిలోనూ నీటిమట్టం సున్నా.

ఆ ఫైలులో కొత్త సంగతి ఎప్పుడూ అట్టడుగున చేరుతుంది. పైనున్నవి ఏనాడో కంప్యూటర్ పెట్టిన రోజున, ట్యాంకు కడగడానికి ఖాళీ చేసినప్పటివి. ప్రతి లైనుకు ముందు తేదీ ఉంది కూడా. ఎడం లేకుండా గుదిగుచ్చిన ఆ అంకెలు కంప్యూటర్ సొంత గొడవ అనుకుని ఆయన వదిలేశాడు.

"ట్యాంకు ఖాళీ అయిపోయిందయ్యా!" అన్నాడు పంపు ఆపరేటర్‌ను పిలిచి.

పంపు ఆపరేటర్ మేడ మీది ఆఫీసు కిటికీలోంచి కిందికి చూశాడు. ట్యాంకు అంచుదాకా నీళ్ళు తళతళలాడుతున్నాయి. "చూడ్డానికి నిండుగానే ఉంది సార్," అని, తెర వంక చూసి గొంతు తగ్గించాడు. "కానీ అబద్ధం చెప్పాల్సిన అవసరం కంప్యూటర్‌కేముంది?"

"అందుకే, ముందు పంపు వెయ్యి."

వేశాడు. నీళ్ళు పొర్లి, గోడ దిగి, పక్క వీధిలోకి వెళ్ళాయి. ఇన్‌చార్జి మళ్ళీ 'హెడ్' కొట్టాడు. సున్నా. కాసేపాగి కొట్టాడు. సున్నా. ఇంత పోస్తున్నా మట్టం వెంట్రుకవాసి కదలలేదంటే ఎక్కడో పెద్ద పైపు పగిలి ఉండాలి. వీధిలోకి వెళ్ళి చూస్తే మోకాళ్ళ దాకా నీళ్ళు. అనుమానం తీరిపోయింది. వెంటనే పంపు ఆపించి, మైకు బండి పంపించాడు.

"ట్యాంకులో నీళ్ళు లేవు. పైపు పగిలింది. మళ్ళీ ఎప్పుడొస్తాయో చెప్పలేం," అని బండి వీధి వీధికీ చెప్పింది.

ఊరు ఊరంతా కుళాయిల మీద పడింది. నీళ్ళు లేవంటున్నా కుళాయిలు ధారగా ఎందుకు వస్తున్నాయని ఎవరూ అడగలేదు, ఇవే ఆఖరివనుకున్నారు. బిందెలు, బకెట్లు, వంటగిన్నెలు నింపారు. సగం గడ్డం గీయించుకున్న ఒక పెద్దమనిషి మంగలి కుర్చీలోంచి లేచి, నురగతోనే ఇంటికి పరుగెత్తి పాత పెట్టె నింపుకున్నాడు. అది చెక్కపెట్టె.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. "ఏమండీ, నీళ్ళు లేవని బడి వదిలేశారు. మీరేమైనా ముట్టుకున్నారా?"

"ఒక్క ఫైలు చూశానంతే."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆమెకు భయం వేసింది.

సాయంత్రానికి ట్యాంకు నిజంగానే ఖాళీ అయింది. పెద్ద ఇంజినీరుగారు దుమ్ము కొట్టుకుపోయి వచ్చి, నేరుగా ముఖం కడుక్కోవడానికి వెళ్ళారు. ముఖమంతా సబ్బు పట్టించాక కుళాయి గుర్రుమని ఆగిపోయింది.

"ఏమయ్యా! నీళ్ళేవీ?" కళ్ళు మూసుకునే అరిచారు.

"లేవు సార్. పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాను," అని ఇన్‌చార్జి ఆయన్ను చెయ్యి పట్టుకుని తెర దగ్గరికి నడిపించాడు.

పెద్ద ఇంజినీరుగారు ఒక కన్ను తెరిచారు. సున్నా. కిటికీలోంచి చూశారు. ట్యాంకు అడుగు కనిపిస్తోంది. "సాయంత్రం ఎండిపోయే ట్యాంకును పొద్దున్నే కనిపెట్టావా?"

"ఊరంతటికీ చెప్పించాను కూడా సార్."

ఆయన సబ్బు చేతిని ఇన్‌చార్జి భుజం మీద వేశారు. "అంతా అయిపోయాక చెప్పేవాళ్ళనే చూశాను ఇన్నాళ్ళూ. నీలాంటివాడు ఉండాల్సినచోట ఉండాలయ్యా."

మర్నాడు పొద్దున్నే పై ఆఫీసు నుంచి ఉత్తర్వు ఫైలుగా వచ్చింది. ఇన్‌చార్జి 'హెడ్' కొట్టాడు. ఆయన ముందుచూపును మెచ్చుకున్నారు. ఇంకా మెచ్చుకున్నారు. తక్షణమే పర్మనెంటు చేశారు. ఫోన్‌లో వినగానే భార్య ఏడ్చేసింది. "ఇక ఇక్కడేనా? నిజంగా?" అని రెండుసార్లు అడిగి, బడికి సెలవు పెట్టి, మిఠాయి పొట్లంతో ఆఫీసుకే వచ్చింది.

కంప్యూటర్ అమ్మాయి ఉబ్బిన బుగ్గతో నీటిమట్టం ఫైలును కిందినుంచి తిరగేస్తోంది. "సార్, నిన్న పొద్దున ట్యాంకు నిండుగా ఉందే! మీరు దేన్ని చూశారు?"

ఇన్‌చార్జి చూపించాడు.

"ఇవి ట్యాంకు కడిగిన నాటివి సార్. 'హెడ్' మొదటి పది లైన్లే చూపిస్తుందని చెప్పాను కదా."

మిఠాయి పొట్లం విప్పుతున్న భార్య చెయ్యి ఆగింది.

"అమ్మా, ఆ ఉత్తర్వు ఎన్ని లైన్లుందో చూడు," అంది.

"పదకొండు మేడమ్," అని అమ్మాయి బుగ్గ పట్టుకుని చివరి లైను చదివింది. "కనుక వీరిని, నీటికి నిత్యం కటకటగా ఉన్న కొండ అవతలి ట్యాంకుకు రేపటినుంచి బదిలీ చేయడమైనది."

"అక్కడ బడి ఉందా?" అని భార్య మెల్లగా అడిగింది.

"అక్కడ ట్యాంకు తప్ప ఏమీ లేదమ్మా," అన్నాడు పంపు ఆపరేటర్.

ఆమె పొట్లం మళ్ళీ కట్టేసి, చెరో పళ్ళెం సర్దడానికి ఇంటికి వెళ్ళింది. ఇన్‌చార్జి ఆ ఫైలు మీద ఇంకోసారి 'హెడ్' కొట్టి చూసుకున్నాడు. పది లైన్ల వరకు అంతా బాగానే ఉంది.