బోనులో గల్ఫు చెద్దరు

ఆ శనివారం ఉదయం రాణి వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. అత్తగారు సాయవ్వ ఎనిమిదింటి బస్సుకు మేడిపల్లి వెళ్తుంది. అక్కడ చెల్లెలి ఇంట్లో శుభకార్యం. రాత్రికి ఉండిపోయి ఆదివారం పొద్దున తిరిగొస్తుంది. ఆ వెళ్లడానికీ రావడానికీ మధ్య కుక్కపిల్లకు బుద్ధి నేర్పాలి. అంతే. కోరుట్ల మొత్తంలో ఇంతకంటే చిన్న కోరిక కోరిన కోడలు ఉండకపోవచ్చు.

కుక్కపిల్ల పేరు బాబిన్. సిరిసిల్లలో రాణి తండ్రి మల్లయ్య పనిచేసే మరమగ్గాల షెడ్డులో పుట్టింది. మూడు వారాల కిందట రాణి పుట్టింటికి వెళ్తే ఆయనే తెచ్చి ఒళ్లో పెట్టాడు. "అన్నీ నేర్పినంకనే ఇస్తున్న బిడ్డా, నీకేం రంది లేదు" అన్నాడు. కూతురికి ఏది ఇచ్చినా ఏ తండ్రైనా అలాగే చెబుతాడు కాబట్టి రాణి ఆ మాటను అక్కడే వదిలేసి, కుక్కను మాత్రం తెచ్చుకుంది.

రాణి భర్త ప్రకాశ్ షార్జాలో ఉంటాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా వీడియో కాల్‌లో ఆయనే మార్పిస్తాడు. కుక్క వచ్చిందని తెలియగానే ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, జగిత్యాలలో ఉన్న దోస్తుతో ఇనుప తీగల బోను ఒకటి కొనిపించి పంపాడు. రోజూ డ్యూటీకి వెళ్లేముందు పాఠం చెప్పేవాడు.

"ఇగో రాణీ, కుక్క తను పండుకునే జాగను ఎన్నడు ఖరాబు చెయ్యదు. బోన్ల మెత్తటి బట్ట పరువు. గిది నా ఇల్లు అని దానికి అనిపియ్యాలె."

రాణి పాత తువ్వాల మడిచి పరిచింది. బాబిన్ లోపలికి వెళ్లి, ఒక చుట్టు తిరిగి, కాసేపు ఆలోచించి, పని కానిచ్చేసింది.

"బట్ట గరుకుగ ఉన్నట్టుంది. ఇంక మెత్తది ఎయ్యి" అన్నాడు ప్రకాశ్ మర్నాడు.

తువ్వాల పోయి లుంగీ వచ్చింది. లుంగీ పోయి సాయవ్వ పాత నూలు చీర వచ్చింది. బట్ట ఎంత మెత్తబడితే బాబిన్ అంత మనస్ఫూర్తిగా పాడుచేసేది. పోనీ బయటికి తీసుకెళ్దామని ఇంటి వెనక ఖాళీ ప్లాటులో గంటసేపు తిప్పితే, ప్రతి రాయినీ వాసన చూసేది, ప్రతి గడ్డిపరకనూ పలకరించేది, చివరికి చాయ్ వద్దని మొహమాటపడే చుట్టంలా రాణి ముఖంలోకి చూస్తూ కూర్చునేది. ఇంటికి రాగానే నేరుగా బోనులోకి పరుగెత్తి, అప్పుడే ఉతికి పరిచిన బట్ట మీద ఊపిరి పీల్చుకునేది.

పక్కింటి నాగవ్వ దిష్టి తగిలిందని చెప్పి ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. కుక్క మూడుసార్లు తుమ్మింది తప్ప అలవాటు మారలేదు. శుక్రవారం నాటికి సాయవ్వ ఓపిక అడుగంటింది.

"ఇంటి నిండ కంపు. ఆదివారం నా ఎంబడి వీరేందర్‌ను తోలుకస్త. ఆ దినం సుత గిది గిట్లనే చేస్తే, వాడు కొంచవోయి బాయికాడ కట్టేస్కుంటడు. ఇగ నన్ను ఏం అడగకు" అని తేల్చేసింది. వీరేందర్ ఆమె చెల్లెలి కొడుకు. మేడిపల్లిలో వ్యవసాయం చేస్తాడు.

రాణికి ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ప్రకాశ్ వెళ్లి రెండున్నరేళ్లు. ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లూ చెప్పుకోవాల్సిన మాటలన్నీ ఎప్పుడో చెప్పేసుకున్నారు. రాణి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే బాబిన్ వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయేది. పాదం తిమ్మిరెక్కినా రాణి కదిలేది కాదు. ఆ పిల్లను వదులుకోవడం ఆమె వల్ల కాదు. అందుకే శనివారం సాయవ్వ బస్సెక్కగానే బీరువా తెరిచింది.

బీరువా పై అరలో గల్ఫు చెద్దరు ఉంది. ప్రకాశ్ తెచ్చిన ఎర్రటి బొచ్చు దుప్పటి, మధ్యలో మనిషంత పులి. కొన్ననాటి ప్లాస్టిక్ సంచిలోనే, కలరా ఉండల నడుమ పడుకుని ఉంటుంది. ప్రకాశ్ సెలవు మీద వచ్చినప్పుడు తప్ప అది బయటికి రాదు. కోరుట్లలో దానికంటే మెత్తటి బట్ట దొరకదని రాణికి తెలుసు. దాన్ని నాలుగు మడతలు వేసి బోనులో పరిచింది.

బాబిన్ లోపల అడుగుపెట్టి పులి ముఖం మీద నిలబడింది. ఆ మెత్తదనానికి దాని కళ్లు సగం మూతపడ్డాయి. రాణి గుండె నిండిపోయింది. ఆ వెంటనే చెద్దరు కూడా నిండిపోయింది.

గల్ఫు చెద్దరు తడిస్తే దూడంత బరువు. రాణి దాన్ని ఉతికి, మిద్దె మీదికి ఈడ్చుకెళ్లి, పిట్టగోడ మీద ఆరేసేసరికి మధ్యాహ్నమైంది. నీళ్లు కారి కింద నాగవ్వ ఆరబెట్టుకున్న వడియాల మీద పడ్డాయి. నాగవ్వ తిట్టడానికి తల పైకెత్తింది. పులిని చూసింది. తిట్టు మింగేసి, రాణిని ఒక్క మాటైనా అడక్కుండా మేడిపల్లికి ఫోన్ కొట్టింది.

పది నిమిషాల్లో సాయవ్వ నుంచి రాణికి ఫోన్.

"ఏమే రాణీ, గల్ఫు చెద్దరు తీసినవట?"

"ఊఁ... తీసిన అత్తమ్మా."

"ఉతికినవట గద?"

"ఉతికిన."

ఈసారి వినిపించిన గొంతు వేరేగా ఉంది. అంత పల్చటి గొంతు సాయవ్వకు ఉందని రాణికి అప్పటిదాకా తెలియదు. "నాకు చెప్పద్దన్నడా వాడు? పోయినపాలి సుత గిట్లనే చెప్పకుంట అచ్చిండు. దొంగ! రేపేనా?"

"అది గాదు అత్తమ్మా..."

"నువ్వేం చెప్పకు బిడ్డా, నీకు మాట పోతది. నాకు సమజైంది" అని సాయవ్వ ఫోన్ పెట్టేసింది.

రాణి ప్రకాశ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్ ముట్టుకోనివ్వరు, ఆ రోజు రాత్రి దాకా ఓవర్‌టైం కూడా. అత్తకు నిజం చెప్పాలని ఐదుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది. చెబితే చెద్దరు ఎందుకు తీసిందో చెప్పాలి. అది చెబితే బాబిన్ బావికాడికే. ఐదుసార్లూ ఫోన్ కింద పెట్టేసింది.

ఆదివారం తెల్లవారగానే కుక్కను ఖాళీ ప్లాటులో తాడుతో కట్టేసి వచ్చింది. కడుపులో ఉన్నది అక్కడే ఖాళీ చేసుకుంటే ఈ ఒక్క రోజైనా గట్టెక్కుతుందని ఆమె ఆశ. తొమ్మిదింటికి ఇంటి ముందు రెండు ఆటోలు ఆగాయి. మొదటిదాంట్లోంచి సాయవ్వ మటన్ సంచితో దిగింది. వెనకాలే చెల్లెలు, చెల్లెలి ఇంటివాళ్లు, వాళ్ల వెనక వీరేందర్. అతని ఒక చేతిలో అన్న మెడలో వేయడానికి పూలదండ, మరో చేతిలో కుక్క మెడలో వేయడానికి తాడు. రెండో ఆటోలోంచి మల్లయ్య దిగాడు. వియ్యపురాలు ఫోన్ చేసి అల్లుడొస్తున్నాడని చెబితే, అల్లుడికి బట్టలు పెట్టాలని సిరిసిల్ల నుంచి తొలి బస్సులో వచ్చాడు.

సాయవ్వ ముందుగదిలో జంపఖానా పరిచి అందరినీ కూర్చోబెట్టింది. ఆమె కొత్త చీర కట్టుకుంది. "ఏ టైముకు దిగుతడే?" అని అడిగింది. రాణి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. తెర మీద పసుపుపచ్చ హెల్మెట్‌లో ప్రకాశ్, వెనకాల ఎత్తైన క్రేన్. డ్యూటీ ఎక్కేముందు రోజూ చేసే కాల్ అది.

గది నిండా జనాన్ని చూసి అతని ముఖం పాలిపోయింది. "అవ్వా! గింతమంది ఎందుకచ్చిన్రు? ఎవలన్న పోయిన్రా?"

"నువ్వు ఏడున్నవ్‌రా?" అంది సాయవ్వ.

"ఏడుంట? డ్యూటీకాడ."

అందరూ రాణి వైపు తిరిగారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "చెద్దరు... బాబిన్ కోసం తీసిన అత్తమ్మా. బోన్ల ఏసిన. ఖరాబు చేసింది. అందుకే ఉతికిన" అంది రాణి, తల దించుకుని.

సాయవ్వ అరిస్తే బాగుండేది. అరవలేదు. మటన్ సంచి పక్కన మెల్లగా కూలబడింది. "రాత్రంత నిద్రపోలే బిడ్డా నేను" అంది. రాణికి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. కుక్క మీది మమకారంతో ఒక తల్లిని రాని కొడుకు కోసం ఎదురుచూసేలా చేసింది. అంత సిగ్గు ఆమె జన్మలో పడలేదు.

కష్టాలు కలిసే వస్తాయంటారు. ప్లాటులో తాడు కొరికేసిన బాబిన్ వాకిట్లోంచి బాణంలా దూసుకొచ్చింది. తెల్లారినప్పటి నుంచీ బిగబట్టుకుని ఉంది. జంపఖానా చూడగానే దాని ప్రాణం లేచొచ్చింది. నట్టనడుమకు వెళ్లి, ఒక చుట్టు తిరిగి, పదిమంది చుట్టాల సమక్షంలో చిన్నదీ పెద్దదీ రెండూ కానిచ్చింది.

"పెద్దమ్మా, ఇగ కొంచవోనా?" అన్నాడు వీరేందర్, తాడు విప్పుతూ.

అంతలో మల్లయ్య తొడ చరిచి లేచాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "శభాష్ రా బాబిన్! ఇంక యాదిమరువలే! చూసినవా అక్కా, ఎంత తెలివిగలదో!"

"తెలివా?" అంది సాయవ్వ.

"తెలివి గాదా? షెడ్డుల నేల ఖరాబైతే సేటు తిడుతడని మూలకు వేస్టు బట్ట కుప్ప ఏసి, దాని మీదనే పోవాలెనని నెల రోజులు నేర్పిన. అప్పటి సంది ఒక్కనాడు సుత ఉత్త నేల మీద పోలే. పాణం పోయినా సరే, బట్ట కనవడితెనే పోతది. అన్నీ నేర్పినంకనే ఇచ్చిన అని బిడ్డకు చెప్పిన గద?"

మూడు వారాలుగా తను ఏం చేసిందో రాణికి అప్పుడు అర్థమైంది. కుక్క తప్పు చేయలేదు. ప్రతి పొద్దూ తనే శుభ్రంగా ఉతికిన మరుగుదొడ్డి పరిచింది. నిన్నైతే పులి బొమ్మ ఉన్నది పరిచింది. ఫోన్‌లో ప్రకాశ్ మాత్రం, "వీడియోల గీ ముచ్చట చెప్పలే" అన్నాడు.

"అయితే చూద్దాం" అంది సాయవ్వ. బోనులోని బట్టంతా తనే లాగిపారేసి అడుగున ఉత్త రేకు మిగిల్చింది. చిరిగిన తువ్వాల ఒకటి తీసుకెళ్లి పెరట్లో గోడవార పరిచింది. "పొద్దుగూకేలోపట గీడ పోతే ఇంట్ల ఉంటది. పోకుంటే వీరేందర్ ఎంబడి పోతది. ఇగ అందరు కూసోండ్రి."

అప్పుడే ఖాళీ అయిన కుక్క అంత త్వరగా మళ్లీ పోస్తుందా? మటన్ ఉడికింది. అందరూ తిన్నారు. ప్రకాశ్‌ను చూడటానికి వచ్చిన చుట్టాలు, ఆయన లేడు కాబట్టి కుక్కను చూస్తూ కూర్చున్నారు. బాబిన్ రేకు మీద పొడిపొడిగా రెండు గంటలు నిద్రపోయింది. వీరేందర్ పూలదండలోంచి ఒక్కో బంతిపువ్వు తెంపుతూ కాలక్షేపం చేశాడు. నాలుగింటికి ప్రకాశ్ చాయ్ టైంలో మళ్లీ ఫోన్ చేసి, "పోసిందా?" అని అడిగాడు.

అదే సమయానికి బాబిన్ లేచింది. ఒళ్లు విరుచుకుంది. ముందుగదిలోకి వచ్చి సాయవ్వ కొత్త చీర కుచ్చిళ్ల దగ్గర ఆగి, వాసన చూసి, ఒక చుట్టు తిరిగింది. సాయవ్వ కదల్లేదు. కాస్త కుచ్చిళ్లు మాత్రం ఎత్తి పట్టుకుంది. కుక్క కాసేపు ఆలోచించి, గడప దాటి, పెరట్లోకి నడిచి, గోడవార తువ్వాల మీద తీరిగ్గా పోసింది.

ఒక్కసారిగా ఇంట్లో కేక పుట్టింది. మల్లయ్య ఈల వేశాడు. ఆ గోలకు గోడ అవతల నాగవ్వ పరుగెత్తుకొచ్చింది. "ఏందే సాయవ్వా, ప్రకాశ్ అచ్చిండా?"

"లేదే నాగవ్వా! మా కుక్క బయట పోసింది!" అంది సాయవ్వ.

'మా' అన్న ఆ ఒక్క మాటకు రాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. వీరేందర్ తాడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్‌లో ప్రకాశ్, "అవ్వా, రేపు పోయి లీవు అడుగుత" అన్నాడు. సాయవ్వ పెరట్లోకి వెళ్లి, ఎవరూ చూడకుండా కొత్త చీర కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చింది.

రెండు నెలలకు ప్రకాశ్ నిజంగానే వచ్చాడు. చెద్దరు మళ్లీ బయటికి వచ్చింది, ఈసారి మంచం మీదికి. వచ్చిన రోజు స్నానం చేసి, విడిచిన ప్యాంటు ఎక్కడిదక్కడే నేల మీద వదిలేశాడు. చొక్కా తలుపు దగ్గర, తువ్వాల టీవీ ముందు. చిన్నప్పటి నుంచీ అతని పద్ధతి అదే. సాయవ్వ ముప్పై ఏళ్లు అరిచి, గొంతు పోయి, చివరికి వదిలేసిన పద్ధతి. బాబిన్ మూడింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించి, దేన్నీ చిన్నబుచ్చకుండా, తనకు నేర్పిన పని తను చేసింది.

పెరట్లోకి పోవడం నేర్చుకోవడానికి కుక్కకు ఒక్క పూట పట్టింది. విడిచిన బట్టలు కొక్కానికి తగిలించడం నేర్చుకోవడానికి ప్రకాశ్‌కు నాలుగు రోజులు పట్టింది.