నాలుగంగుళాల స్వతంత్రత

సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు స్వతంత్ర నిపుణుల సంఘం సభ్యత్వ పత్రం మీద సంతకం పెట్టగానే డాక్టర్ పేర్ల నూకరత్నం పాదాలు నేల నుంచి నాలుగంగుళాలు పైకి లేచాయి. సూపరింటెండెంట్ కామేశం టేపు పెట్టి కొలిచి, రిజిస్టరులో ‘నాలుగు’ అని వేసి, “కొంచెం తక్కువేనండి. పరవాలేదు, పాసే,” అన్నాడు.

ఆ శాఖలో ఇది మామూలే. సముద్రంలో గాలిమరలు నిలబెట్టడానికీ, అడుగున గ్యాసు వెతకడానికీ ముందు అక్కడి చేపలకీ తాబేళ్లకీ ఏమవుతుందో కనిపెట్టమని ప్రభుత్వం పదకొండేళ్ల కిందట ఒక శాస్త్ర కార్యక్రమం పెట్టింది. ఆ శాస్త్రం సరిగా జరుగుతోందో లేదో బయటివాళ్లు చూసి చెప్పాలి గనక నాలుగేళ్లకోసారి సమీక్షా సంఘం వేస్తారు. మొదటి సంఘంలో సభ్యులు నేల మీదే కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన బావమరిదికి గాలిమరల కంపెనీలో ఉద్యోగం ఉందని పేపర్లో వచ్చి పెద్ద గొడవయింది. అప్పుడు నిబంధన మార్చారు. స్వతంత్రుడంటే దేనికీ అంటుకోనివాడు, నేలకు కూడా. సంతకంతో పాటే మనిషి లేస్తాడు. ఎంత ఎత్తు లేస్తే అంత స్వతంత్రుడు.

సమీక్ష గదిలో ఫ్యాన్లు ముందే విప్పేశారు. అధ్యక్షుడు ఆచార్య భావనారాయణ చెరకు తెగుళ్ల మీద పండితుడు. సముద్రాన్ని ఆయన రైలు కిటికీలోంచి రెండుసార్లు చూశారు. రెండోసారి చూసింది చిల్కా సరస్సని తరవాత తెలిసింది. అరవై మూడు సంఘాల్లో పనిచేసిన మనిషి కావడంతో సంతకం పెట్టడం ఆలస్యం, తిన్నగా లేచి, ఆ పాతకాలపు ఎత్తయిన పైకప్పుకు తల ఆనేదాకా వెళ్లి స్థిరపడ్డారు. రెండో సభ్యుడు చక్రధర్, హైదరాబాదు నుంచి వచ్చిన గణాంకాల నిపుణుడు, ఏడడుగుల దగ్గర తేలుతున్నాడు. ఫైళ్లకు బరువుంటుంది, అవి పైకి పోవు. అందుకని నలభై రెండు సంపుటాల నివేదికను పేజీన్నరకు కుదించి, ఆ కాగితాన్ని బూజుకర్ర చివర గుచ్చి కామేశం పైకి అందిస్తాడు. ఇడ్లీలు కూడా అదే కర్రతో. చట్నీ ఎలా పంపాలన్నది ఇంకా పరిశీలనలో ఉంది.

నూకరత్నం నాలుగంగుళాలకే ఆగిపోవడానికి కారణం ఆమె నింపిన పత్రంలోనే ఉంది. పదిహేడో ప్రశ్న: ‘సముద్రంతో మీకు ఏ విధమైన సంబంధమైనా ఉన్నదా?’ ఆమె చేపల ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయింది. పెదనూకలపేటలో తెప్ప మీద వేటకెళ్లే గురయ్య కూతురు. ఉన్నది ఉన్నట్టు రాసింది. కామేశం చదివి నొచ్చుకున్నాడు.

“ఇవన్నీ ఎందుకు రాశారండీ? సముద్రం గురించి తెలిసినవాళ్లు లేవడం కష్టమండి.”

ఆ కొంచెం ఎత్తే ఆమెకు ఎంతో హాయిగా ఉంది. పదేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మెట్లు చూస్తే ఏడుపొచ్చేది. ఇప్పుడు గోడని వేలితో చిన్నగా నెడితే చాలు, వరండా ఈ చివర్నించి ఆ చివరికి పోతోంది. మోకాళ్లున్న సంగతే గుర్తు రావడం లేదు. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా రెండుసార్లు ఊరికే అటూ ఇటూ పోయి వచ్చింది.

పైవాళ్లకి బల్ల అందదు. ఆమెకు అందుతుంది. బల్ల నిండా సంపుటాలున్నాయి. అలవాటు చొప్పున మొదటిది తెరిచింది.

“మేడం, చదివితే దిగిపోతారండి,” అని కామేశం హెచ్చరించాడు. “పోయినసారి ఒకాయన అనుబంధాలతో సహా చదివేసి నేలకి తగిలారండి. మళ్లీ లేవలేదు.”

నూకరత్నం వినలేదు. గ్యాసు వెతికే ఓడలు నీళ్లలో గాలి తుపాకులు పేలుస్తాయి. ఆ మోత ఎంతో కొలవడానికి సముద్రం అడుగున ఒక పరికరం పెట్టారు. రెండో ఏడాది వానల్లో దాన్ని మరమ్మతుకని ఒడ్డుకు తెచ్చారు. తిరిగి నీళ్లలో దింపినట్టు ఎక్కడా లేదు. మూడో ఏడాది నుంచి చప్పుడు గడిలో ‘గత సంవత్సరం ప్రకారం’ అని ఉంది. తొమ్మిదేళ్లూ అదే ముక్క, అదే చేతిరాత.

“ఆ పరికరం ఎక్కడుంది కామేశం గారూ?”

ఆయన దాచకుండా తీసుకెళ్లి చూపించాడు. స్టోరు గది తలుపు గాలికి కొట్టుకుంటోందని దాన్ని అడ్డంగా పెట్టారు. అయినా తలుపు కొట్టుకుంటూనే ఉంది. పరికరానికి మరమ్మతు ఎప్పుడో అయిపోయింది. తొమ్మిదేళ్లుగా అది ఆ తలుపు చప్పుణ్ణి శ్రద్ధగా నమోదు చేస్తోంది.

ఆ సాయంత్రం కొలతలో నూకరత్నం రెండంగుళాల దగ్గరుంది.

బుధవారం ప్రజాభిప్రాయ సేకరణ. పెదనూకలపేట నుంచి ముప్పై మంది మత్స్యకారులు వచ్చి తలలు పైకెత్తి నిలబడ్డారు. మెడలు ఎంత సాగదీసి చూసినా నిపుణుల అరికాళ్లు తప్ప ముఖాలు కనబడలేదు. భావనారాయణ గారి కుడికాలి మేజోడుకు చిల్లుంది. వాళ్లు ఆ చిల్లుకే దణ్ణం పెట్టుకున్నారు. అందరి తరఫునా పోలరాజు ముందుకొచ్చాడు. అతను నూకరత్నం పిన్ని కొడుకు, తమ్ముడి వరస.

“బాబూ, ఆ ఓడలు మోత మొదలెట్టిన కాడి నుంచి సేప పడ్డం నేదు. ఎంత లోపలికెల్లినా ఉత్త వలే వత్తంది. వంజరం, సందువ అన్న పేర్లే మా పిల్లలు మర్సిపోనారు బాబూ.”

“వినబడటం లేదు,” అని పైనుంచి గొంతు వచ్చింది. “రాసి ఇమ్మనండి.”

పోలరాజు చుట్టూ చూశాడు. బల్ల పక్కన, తన కళ్లకు ఎదురుగానే ఉన్న ముఖం కనబడింది.

“అప్పా! నువ్వున్నావా? నువ్వు కిందకే ఉన్నావు గదా, ఆల్లకి నువ్వు సెప్పప్పా. నీకు తెల్దా ఏటి మన బతుకు?”

కామేశం టేపు పట్టుకుని ఆమె మడమల వైపే చూస్తున్నాడు. నేల దగ్గరవుతున్నట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎడమ మోకాలు అప్పుడే సన్నగా లాగడం మొదలుపెట్టింది.

“అర్జీదారు గారూ,” అంది నూకరత్నం. “మీ అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా సమర్పించండి.”

ఆ మాటతో అంగుళమున్నర లేచింది. పోలరాజు “అలాగేనమ్మా,” అని రెండు చేతులూ జోడించాడు. అక్కని అప్ప అని పిలిచినవాడు అమ్మా అని మర్యాద చేస్తే అది ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నం భోజనం వద్దంది.

శుక్రవారం నివేదిక మీద సంతకాలు. ముసాయిదాను శాఖవారే సిద్ధం చేసి ఉంచారు. శాస్త్రం అత్యున్నత ప్రమాణాలతో ఉన్నదనీ, కార్యక్రమాన్ని పన్నెండేళ్లు పొడిగించవచ్చనీ ఉంది. నూకరత్నం విడిగా ఒక కాగితం తీసి అసమ్మతి నోటు రాసింది: ‘చప్పుడు కొలిచే పరికరం తొమ్మిదేళ్లుగా సముద్రంలో లేదు. స్టోరు గదిలో ఉంది. కాబట్టి ఈ పదకొండేళ్ల శాస్త్రంలో తొమ్మిదేళ్లది తలుపు గురించిన శాస్త్రం.’ చివరి చుక్క పెట్టగానే రెండు మడమలూ ధబ్బున నేలకు తగిలాయి. మోకాళ్లు పటుక్కుమన్నాయి.

కామేశం నిజంగానే బాధపడ్డాడు. పడుతూనే నిబంధనల పుస్తకం తెచ్చి చదివాడు. నేలకు తగిలినవారు సంబంధం కలవారు. వారి అభిప్రాయం అర్జీగా పరిగణించబడును.

“అంటే ఏం చేస్తారు?”

“మీ నోటు ఆ పోలరాజు కాగితమున్న కట్టలోకి వెళ్తుందండి. కట్టని సంఘం పరిశీలించాలండి. బరువుకి పైకి అందదు కాబట్టి, పరిశీలించినట్టు మేమే రాసేస్తామండి.”

“తెలిసినవాళ్లు చెప్పకూడదు, చెప్పేవాళ్లకి తెలియకూడదు. అంతేనా?”

“అలా విడమరిచి రూల్లో లేదు గానండి...” కామేశం పుస్తకం మూశాడు. “అంతేనండి.”

పైనుంచి భావనారాయణ గారు ఆప్యాయంగా పిలిచారు. “రండమ్మా, పైకి వచ్చేయండి. ఇక్కణ్ణుంచి అయితే ఒక్క వాక్యం కలపొచ్చు. అక్కడ కూర్చుని పేజీలు రాసినా ఎవరి కంటా పడవు.”

నూకరత్నం అరగంట సేపు మోకాళ్లు రాసుకుంటూ కుర్చీలో కూర్చుంది. ఆయన మాటలో తప్పేముందని వెతికింది. కట్టలో పడి ఉండే నిజంకన్నా అచ్చయ్యే వాక్యం మేలు కదా. పోలరాజుకు కూడా అదే మేలు. నోటును నిలువునా చింపింది. మూడడుగులు లేచింది. అడ్డంగా చింపింది. బూజుకర్ర చివర దాకా వెళ్లింది. నాలుగు ముక్కలూ చేతిలోంచి జారాక పైకప్పు నెత్తికి మెత్తగా తగిలింది. అక్కణ్ణుంచి చూస్తే నలభై రెండు సంపుటాలూ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. వాటిలో ఏముందో గుర్తు తెచ్చుకోబోతే, చేపలున్నాయన్న సంగతి ఒక్కటే గుర్తొచ్చింది.

కిందనే అనుకుని ఉంచుకున్న తన వాక్యం చెప్పింది: ‘పరికరాన్ని వెంటనే సముద్రంలో పెట్టవలెను.’ చక్రధర్ భాష సరిచేశాడు, అధ్యక్షుడు క్లుప్తపరిచారు. అచ్చులో ‘పరికరాల భద్రత సంతృప్తికరం, మరింత మెరుగుపరచవచ్చు’ అని వచ్చింది. ముగ్గురూ సంతకం చేశారు. సిఫార్సును శాఖ వెంటనే అమలుచేసింది. భద్రత కోసం స్టోరు గదికి తాళం వేశారు. తలుపు కొట్టుకోవడం ఆగిపోయింది. ఆ ఏడాది తొలిసారిగా పరికరాన్ని చూసే రాశారు: చప్పుడు సున్నా.

సంఘం ముగిసినా నూకరత్నం కిందికి దిగలేదు. ఒకసారి అంత ఎత్తుకి వెళ్లినవాళ్లు మామూలుగా దిగరనీ, అందుకే మరో మూడు సంఘాల్లో పేరు వేశారనీ కామేశం ఫోనులో చెప్పి అభినందించాడు.

నెల తరవాత ఆమె పెదనూకలపేట వెళ్లింది. కారు తలుపు తీయగానే సముద్రపు గాలి లాక్కుపోబోయింది. పోలరాజు పరుగెత్తుకొచ్చి, పడవ తాడు ఆమె చీలమండకు కట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. కోపమేమీ పెట్టుకోలేదు. “గాలెక్కువగుందప్పా, బయపడకు, నాను గట్టిగానే అట్టుకున్నాను,” అన్నాడు. తాడు వదిలేకొద్దీ ఆమె కొబ్బరిచెట్టు ఎత్తుకు పోయింది.

వేట కాలం, పట్టపగలు. అయినా పడవలన్నీ ఒడ్డు మీదే, ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్నాయి. ఆడవాళ్లు ఖాళీ గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. దూరంగా ఒక ఓడ, ఆగి ఆగి మోగుతోంది. మోగినప్పుడల్లా నీళ్ల మీద వణుకు పుట్టి ఒడ్డుదాకా వస్తోంది. మిగతా సముద్రమంతా కడిగిన పళ్లెంలా ఉంది.

“ఏటి కనబడతందప్పా పైనుంచి?” కింద నుంచి పోలరాజు అరిచాడు. “మాకయితే ఏటీ కనబడట్నేదు!”

నూకరత్నం అంతా చూసింది. చెబుదామనే నోరు తెరిచింది. తన గొంతు తనకే వినబడింది.

“సంతృప్తికరంగా ఉంది.”

పోలరాజు ఆలోచనలో పడ్డాడు. ముప్పై ఏళ్లు చేపల చదువే చదివిన మనిషి. పైగా అంత ఎత్తు నుంచి చూస్తోంది. అబద్ధమాడవలసిన అవసరం ఆమెకేముంది?

“సేపలున్నాయంట్రా,” అని పక్కవాళ్లకు చెప్పాడు. “మన వలల్లోనే ఏదో నోపముంది.”

వాళ్లు తలలూపారు. తాడును ఒక పడవ ముక్కుకు కట్టేసి, ఇసుకలో కూర్చుని, వలలు విప్పి, కన్ను కన్నూ వెలుగుకు పెట్టి చూసుకుంటూ తప్పెక్కడుందో వెతకసాగారు.