కుడిచెంప దండయాత్ర

ఓ కుళాయీ, ఎంత బిగించి కట్టినా బొట్టుబొట్టుగా కాలాన్ని కొలిచే దానా, నీవు విన్నదంతా నాకు వినిపించు. ఓ దర్పణమా, అంచుల వెంట తుప్పు పాకినా అబద్ధం నేర్వని దానా, నీవు చూసినదంతా నాకు చూపించు. సామ్రాజ్యాలు కూలిన కథ కాదు నేను పాడబోయేది. సముద్రాలు దాటిన సేనల కథా కాదు. ఒకానొక ఆదివారం, సూర్యుడు ఎదురుమేడ నీళ్ళట్యాంకును అధిరోహించి లోకాన్ని పరామర్శిస్తున్న వేళ, మూడంతస్తుల భవనంలో నడిమి అంతస్తున, ఇద్దరు నిలబడితే మూడోవారు బకెట్టులో నిలబడవలసినంత విశాలమైన స్నానాలగదిలో, ఒక మానవుడికీ అతని సొంత గడ్డానికీ మధ్య జరిగిన ఘోరసంగ్రామాన్ని పాడబోతున్నాను.

ఆ మానవుడు సామాన్యుడు కాడు. నీటిపన్ను కార్యాలయంలో పెద్దగుమాస్తా. దస్త్రారణ్యసంచారి, ముద్రాప్రహారప్రచండుడు, పై అధికారి కేకలకు కనురెప్ప కదపని స్థిరచిత్తుడు. అయితే ఆయుధవిద్యలో మాత్రం మూడు బ్లేళ్ళ ప్లాస్టిక్ రేజరు తప్ప మరొకటి ఎరుగడు. అట్టివాడి కుడిచేతిలో ఆ ఉదయం మెరిసినది తండ్రిగారి మడతకత్తి: పసుపు తిరిగిన పిడి, విప్పితే బెత్తెడు ఉక్కు, ఎదురొచ్చిన గాలిని సైతం రెండు పాయలుగా చీల్చి ఏ పాయ ఎటు పోవాలో శాసించగలనన్నంత గర్వం.

యుద్ధకారణం చెప్పాలి. తండ్రి దర్జీ. బతుకంతా ఇతరుల భుజాలు కొలిచినవాడు. వయసు మీదపడి చేతులు వణకడం మొదలుపెట్టాక కత్తెర వదిలేశాడు గాని ఈ కత్తిని వదల్లేదు. దాన్ని భార్య చేతికిచ్చి, తన గొంతు ఆమెకు అప్పగించాడు. రోజు విడిచి రోజు ఆమె గీసేది, ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఈ ఏడాది వానలకు ముందు ఆమె పోయింది. అప్పటినుంచి ఆయన గడ్డాన్ని ఎవరూ తాకలేదు. వీధి మొదట్లో బల్ల మీద కూర్చునే పాత స్నేహితులు కబురు పంపితే, “ఈ మొహంతోనా” అని గోడ వైపు తిరిగేవాడు. భోజనం కూడా గదిలోకే వెళ్ళేది.

శనివారం మధ్యాహ్నం కొడుకు కంచం పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

“నాన్నా, సెలూనుకి తీసుకెళ్తాను, రా.”

“నా కొలతలు తెలియనివాడి చేతికి మెడ ఇవ్వను.”

“పోనీ కరెంటు మిషనుతో...”

“నేనేమన్నా గొర్రెనా?”

“అయితే నేను గీస్తాను.”

ముసలాయన కొడుకు చేతుల వైపు చూశాడు. దర్జీ చూపు అది. తానులో ఎక్కడ మరక ఉందో వెతికే చూపు.

“ముందు నీ మొహం మీద గీసి చూపించు. ఒక్క చెంప చాలు. గీసుకోగలిగితే నా గొంతు నీది. లేకపోతే ఈ ఊసు మళ్ళీ ఎత్తొద్దు.”

ఆ మాట పలికిన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది కొడుక్కి.

అందుచేతనే ఆదివారం నాటి ఆ సన్నాహం. గడప దగ్గర స్టూలు వేసుకుని తండ్రి న్యాయనిర్ణేతగా ఆసీనుడయ్యాడు. ఆయన వెనక, భుజాన తువ్వాలు, చేత పటికముక్క ధరించి, గాయవైద్యవిశారదయైన ఇల్లాలు నిలిచింది.

“ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడ పెట్టారో చెప్పి మొదలుపెట్టండి,” అంది.

“బీరువాలో. కింది అర.”

“సరే, కానివ్వండి మరి.”

ప్రథమ ఘట్టం ఆయుధశుద్ధి. తలుపు గడియకు తగిలించిన, కత్తి నూరే తోలుపట్టీని వామహస్తంతో చాచి పట్టుకుని, పెన్సిలు చెక్కిన అనుభవాన్నే గురువుగా తలచి, మన వీరుడు పదును ముందుగా, వీపు వెనకగా, ఒక్క విసురు విసిరాడు. ఆహా, ఏమి విసురు అది! ఏ పాపమూ ఎరుగని ఆ తోలుపట్టీ, ఎవరి గడ్డాన్నీ ఎన్నడూ నొప్పించని ఆ సాధుచర్మం, అడుగుభాగాన్ని కోల్పోయి నేలకొరిగింది. యుద్ధభేరి మోగకముందే తొలి వీరమరణం స్వపక్షంలోనే సంభవించింది.

“వీపు ముందుండాలిరా. పదును వెనకాల రావాలి,” అన్నాడు తండ్రి. “ఉన్న ముక్క మీదే రుద్దు. పైట చిరిగినా పావడాకి వస్తుంది.”

ద్వితీయ ఘట్టం వ్యూహరచన. తండ్రి జేబులోంచి నీలం సుద్ద తీశాడు. గుర్తు పెట్టకుండా కత్తి ఎత్తడం ఆయన దృష్టిలో అనాగరికం. “గీత లేకుండా కత్తెర ఆడించినవాడు నా కొట్లో ఒక్కపూట నిలవలేదు,” అంటూ కొడుకు కుడిచెంప మీద హద్దులు గీయసాగాడు: కర్ణమూలం నుంచి దవడ కోణం దాకా ఒక రేఖ, అక్కడినుంచి పెదవి చివరికి ఇంకొకటి. చెయ్యి వణుకుతున్నందున ఆ రేఖలు కొండవాగుల్లా వంకరలు పోయి, ఆ కపోలక్షేత్రం సరిహద్దు తగాదాలున్న దేశపటంలా తయారైంది.

“మావయ్యగారూ, ఇది గీతా, వాగా?” అంది కోడలు.

“పర్లేదులేమ్మా, కుట్టేటప్పుడు సర్దుకుందాం.”

కుట్టడమన్న మాట విని, పై అధికారి కేకలకు చెదరని ఆ స్థిరచిత్తుడు భార్య చేతిలో పటిక ఉన్నదో లేదో ఒకసారి తిరిగి చూసుకున్నాడు. అయినా వెనుదీయక, బ్రష్షును వేడినీట ముంచి, సబ్బుగిన్నెలో మథించి, క్షీరసాగరం పొంగినట్టు పొంగిన ఫేనరాశిని గుప్పించి చెంపంతా పూశాడు. దట్టంగా, ధవళంగా, శంఖశుభ్రంగా పూశాడు. ఆ తరువాత ముగ్గురూ అద్దంలోకి చూశారు.

ఒక్క గీతా కనబడలేదు.

కుళాయి తన లెక్క తాను వేసుకుంటూ ఉంది. చివరికి తండ్రి గొంతు సవరించుకుని, “ఎప్పుడూ గుడ్డకి సబ్బు రాసి కత్తిరించలేదు కదరా. తట్టలేదు,” అన్నాడు.

హద్దుల్లేని ఆ శ్వేతభూమి ముందు నిలిచి, శ్మశ్రుకాననవిచ్ఛేదనదీక్షితుడు కత్తిని కన్నుల ఎత్తుకు లేపి ఇట్లు పలికాడు: “ఓ క్షురికా, రోమసేనాకాలరాత్రీ, విను. నా తండ్రి యౌవనాన్ని నునుపు చేసినదానవు నీవు; నా తల్లి చేతి వేడి ఎరిగినదానవు నీవు. ఈ దినం నీకూ నాకూ మధ్య ఉన్నది వేలిమందం నురగ మాత్రమే. నేను నిన్ను నమ్ముతున్నాను. నీవు నన్ను నమ్మనవసరం లేదు, జాలిపడితే చాలు.”

“ఎవరితో మాట్లాడుతున్నారు?” అంది ఇల్లాలు.

“కత్తితో.”

“అది వింటోందో లేదో గాని, నురగ ఆరిపోతోంది.”

అంతట శంఖాలు మోగకుండానే సమరం మొదలైంది. మన వీరుడు గుండెల నిండా గాలి పీల్చి, దాన్ని అక్కడే బంధించి, కత్తిని చెవి కింద మోపి దిగలాగాడు. ఎండుటాకులు నలిగిన చప్పుడు. ఒక వెంట్రుకల బెటాలియను నేలకూలింది. విజయగర్వంతో రెండో వేటు వేశాడో లేదో, తెల్లని ఆ మైదానంలో ఒక ఎర్రని చుక్క పుట్టి, నాలుగు దిక్కులూ చూసి, కిందికి నడక సాగించింది.

“పటిక,” అన్నాడు గంభీరంగా.

మూడో వేటుకు ఇంకొకటి. ఐదో వేటుకు మరొకటి. ప్రతి వేటుకూ ముందు ఊపిరి బిగబట్టడం, వేటు తరువాత బుస్సుమని వదలడం, ఆ బుస్సుకు నురగ ఎగిరి అద్దానికి అంటుకోవడం. పటిక మంటకు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు పక్కన సబ్బుపెట్టెలో, అతను ఎన్నేళ్ళుగానో వాడుతున్న ప్లాస్టిక్ రేజరు పడుకుని ఉంది. ‘ప్రభూ, ఈ పంతాలు మనకెందుకు, నాకు మూడు బ్లేళ్ళు, మీకు ఒక్క ముఖం, మనం సుఖంగా లేమా’ అన్నట్టు మర్యాదగా, నీలంగా చూస్తోంది. వీరుడి చెయ్యి దానివైపు కదిలింది. నేను ఏమీ దాచను. కదిలింది.

తండ్రి చూశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి స్టూలు మీంచి లేచాడు.

“పోనీలేరా,” అన్నాడు. “మొహం కడుక్కో. నువ్వు మాత్రం ఏం చేస్తావ్.”

గోడ పట్టుకుని తన గది వైపు తిరిగాడు. ఆయన ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే మళ్ళీ ఎవరూ ఆ తలుపు తట్టలేరని కొడుక్కి తెలుసు.

“నాన్నా, ఉండు. అమ్మ ఎలా గీసేది?”

ఆయన ఆగాడు. “నాకేం తెలుసు. కళ్ళు మూసుకునేవాణ్ణి కదా.”

“ఏదో ఒకటి గుర్తుంటుంది కదా.”

“మాట్లాడుతూ ఉండేది,” అన్నాడు. “మొదలుపెట్టిన దగ్గర్నుంచి తువ్వాలు దులిపేదాకా మాట్లాడుతూనే ఉండేది. పైవాళ్ళ తీగ మీద ఎవరి దుప్పటి ఆరుతోందీ, పక్కావిడ మొగుడితో ఎందుకు మాట్లాడట్లేదూ. సగం నాకు వినపడేదే కాదు. నువ్వేమో బావిలోకి దూకేవాడిలా ఊపిరి బిగబడుతున్నావు. బిగబడితే చెయ్యి కొయ్యబారదూ? మాట్లాడరా.”

“ఏం మాట్లాడను?”

“నన్నడుగుతావేం. ఆఫీసులో ఏం జరగదా?”

వీరుడు కత్తిని తిరిగి చెంపకు చేర్చాడు. నీటిపన్ను చరిత్రలో గానయోగ్యమైన ఘట్టం ఏదని వెతికాడు.

“మొన్న మా ఆఫీసరు లిఫ్టులో ఇరుక్కుపోయాడు నాన్నా.”

కత్తి కదిలింది. ఏ చుక్కా పుట్టలేదు.

“ఎంతసేపు?” తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడు.

“పొద్దున్నుంచి భోజనాల దాకా. మెకానిక్కు వచ్చేలోపు పని ఆగకూడదన్నాడు. తలుపు సందులోంచి ఫైళ్ళు లోపలికి తోస్తే, అక్కడే సంతకాలు పెట్టి బయటికి తోశాడు.”

కర్ణమూలస్థిత రోమదళం చెల్లాచెదురైంది.

“లావు ఫైళ్ళు పట్టవు కదా?”

“పట్టలేదు. వాటిని విప్పి కాగితం కాగితంగా తోశాం. లోపల చీకటి. ఒకచోట సంతకం పెట్టబోయి, కాగితం తోస్తున్న గుమాస్తా వేలు మీద పెట్టాడు.”

దవడకోణదుర్గం లొంగిపోయింది. ఇల్లాలు నవ్వు ఆపుకోలేక పటికతో నోరు మూసుకుని, దాని రుచికి మొహం చిట్లించింది. తండ్రి వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆ తర్వాత?”

“తర్వాత ఏముంది, మెకానిక్కు వచ్చి తలుపు తీస్తే ఈయన కోప్పడ్డాడు. ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ పని జరగలేదట. ఇప్పుడు రోజూ కాసేపు లిఫ్టులో కూర్చుంటానంటున్నాడు.”

కత్తి ఆగింది. గీయడానికి ఇంకేమీ మిగల్లేదు. తండ్రి దగ్గరికి రమ్మని, అరచేతి వెనక భాగంతో ఆ చెంపను కిందినుంచి పైకి నిమిరాడు. కొత్త బట్ట నేత చూసేటప్పుడు ఆయన చేసేది అదే.

“మూడు చోట్ల చిరిగింది,” అన్నాడు. “మడతలో పోతుందిలే.”

ఆ పైన ఆయన తువ్వాలు కోడలి భుజం మీంచి తీసుకుని మెడ చుట్టూ చుట్టుకున్నాడు. తల వెనక్కి వాల్చాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడ చెప్పడానికి నా దగ్గర ఉపమానాలు లేవు. కొడుకు కత్తెరతో ఆ గడ్డాన్ని కురచ చేసి, వేడినీళ్ళతో తడిపాడు, నురగ పూశాడు. వదులుగా వేలాడే చర్మాన్ని రెండు వేళ్ళతో లాగి పట్టుకున్నాడు. ఇక మాట్లాడాలి. ఉన్న ఒక్క లిఫ్టు కథా తన చెంప మీదే ఖర్చయిపోయింది.

అప్పుడు గడప దగ్గరనుంచి ఇల్లాలు అందుకుంది.

“పైవాళ్ళు కుక్కని తెచ్చారు మావయ్యగారూ. అది మెట్లు ఎక్కుతుందిట, దిగడం మాత్రం రాదుట. రోజూ ఆయనే కిందికి మోసుకొస్తున్నాడు.”

“ఎంత కుక్క?” కళ్ళు తెరవకుండానే అడిగాడు ఆయన.

“దూడంత ఉంది. నిన్న మెట్ల మీద కూలబడి, ఆయన కుక్క కంటే ఎక్కువ రొప్పుతున్నాడు.”

మూతపడిన రెప్పల కింద ముసలాయన బుగ్గ కదిలింది. “నవ్వించకమ్మా. వీడి చేతిలో కత్తి ఉంది.”

ఆమె మాట్లాడుతూనే ఉంది, అతను గీస్తూనే ఉన్నాడు. కుడివైపు పూర్తయ్యేసరికి అతని మణికట్టు సన్నగా అదరసాగింది. తండ్రికి ఎలా తెలిసిందో, ఆ చేతిని పట్టుకుని ఆపాడు. రెండు చేతులూ కలిసి కాసేపు వణికాయి.

“ఇవాళ్టికి చాల్లేరా. నీ చెయ్యి కూడా నాలాగే అయింది.”

“ఎడమ వైపు అంతా ఉండిపోయింది నాన్నా.”

“ఎల్లుండి గీద్దువుగాని.”

తువ్వాలు దులిపి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుండీలు కోడలి చేత పెట్టించుకుని, చెప్పులు వెతకసాగాడు.

“ఎక్కడికి మావయ్యగారూ? సగమే అయింది.”

“బల్ల దగ్గరికి. నాకు కుడిపక్కన కూర్చున్నవాళ్ళతోనే మాట్లాడతాలే.”

కనుక సకల దిక్కులూ వినుగాక. ఆ ఆదివారం ఆ స్నానాలగదిలో రెండు కుడిచెంపలు జయింపబడ్డాయి. రెండూ కలిపి పరిస్తే ఒక జేబురుమాలుకు చాలీచాలని మేర. మనవైపు నష్టం ఒక తోలుపట్టీ, మూడు గాట్లు. ఈ గాథ విన్నవారి చేతికి కత్తి, నోటికి కబురు ఒకేసారి అందుగాక. రెండు ఎడమచెంపలూ శత్రువు అధీనంలోనే ఉన్నాయి. అందులో ఒకటి, పొద్దెక్కిన ఎండలో, వీధి మొదటి బల్ల వైపు నెమ్మదిగా నడిచి వెళుతోంది.