బొట్టు పెట్టి పిలిచిన తలనొప్పులు

ఉదయం ఔట్ పేషెంట్ హాలు తలుపు తోసిన రిసెప్షనిస్టు ఫణిశ్రీ హడలిపోయి గుమ్మంలోనే ఆగింది. రోజూ నలుగురైదుగురు కూర్చునే చోట, బెంచీల మీదా నేల మీదా మెట్ల మీదా, వందమందికి పైగా ఆడవాళ్లు రెండు చేతులతో తలలు పట్టుకుని కూర్చున్నారు.

అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. అది ఆమెను ఇంకా భయపెట్టింది.

"డాక్టరుగారూ, ఎక్కడో పెళ్లి భోజనం వికటించిందండీ! అందరికీ తలకెక్కిందండీ!" అని ఫోన్లో అరిచి, ఆగలేక మునిసిపాలిటీకి కూడా ఫోన్ చేసింది.

డాక్టర్ ఉదయ్‌భాస్కర్ అప్పుడే టై కట్టుకుంటున్నాడు. ఆ రోజు అతని జీవితంలో పెద్ద రోజు. పుర్రె తెరవకుండా, కత్తి పెట్టకుండా, కిరణాలతోనే మెదడులోని గడ్డను మాడ్చేసే యంత్రాన్ని రాజమండ్రికి తెప్పించాలని మూడేళ్లుగా తపిస్తున్నాడు. దానికోసం కింది అంతస్తులో మందపాటి గోడలతో ఒక గది కూడా కట్టించాడు. ప్రస్తుతం అందులో విరిగిన మంచాలున్నాయి. అయినా రోజూ ఇంటికి వెళ్లేముందు ఆ తలుపు తీసి కాసేపు చూసేవాడు.

యంత్రం ఖరీదు కోట్లలో ఉంది. మీటింగు జరిగినప్పుడల్లా ఆసుపత్రి అకౌంటెంటు జగన్నాథరావు అడ్డుపడేవాడు. "తలలో గడ్డలున్నవాళ్లు ఎంతమందుంటారండీ? జలుబుకి మిషనుంటే చెప్పండి, రేపే కొందాం" అనేవాడు. ఆయన చిత్రమైన మనిషి. రోజూ మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి, తానొక్కడే మాట్లాడి పెట్టేసేవాడు. పెళ్లానికి నోరు తెరిచే అవకాశమే ఇవ్వడని స్టాఫంతా నవ్వుకునేవారు.

చివరికి మండపేట రైస్ మిల్లుల యజమాని పల్లంరాజు పెట్టుబడికి ముందుకొచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు. "నాకు కాగితాలొద్దండి. మిల్లు పెట్టేముందు ధాన్యం ఉందో లేదో కళ్లారా చూసుకుంటాం. పొద్దుటే వచ్చి మీ హాల్లో కూర్చుంటాను. తల జబ్బులోళ్లు ఎందరొస్తారో చూస్తాను." ఆయన వస్తానన్నది ఈ రోజే.

ఉదయ్‌భాస్కర్ పరుగున వచ్చేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది. నర్సులు సెలైన్ సీసాలతో తిరుగుతున్నారు. "పట్టుచీరమ్మా, మందు పడితే మరక పోదు" అంటూ ఆడవాళ్లు వాళ్లని తోసేస్తున్నారు. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి, దగ్గర్లో తిండి దొరికేది అక్కడే కాబట్టి, ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్ మూయించారు. ఆ హోటలాయన ప్లేటు పట్టుకుని ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు. "నా పెసరట్టు నేనే తింటున్నాను. నాకేమైనా అయిందేమో చూసుకోండి!" అంటూ వచ్చేపోయేవాళ్లందరి ముందూ ఒక్కో ముక్క మింగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే పల్లంరాజు కారు దిగాడు. హాల్లోకి తొంగిచూసి నోరు వెళ్లబెట్టాడు.

"డాక్టరుగారూ! ఇంత గిరాకీయాండీ? ఒక్క మిషను సరిపోద్దంటారా?"

ఆ ప్రశ్న కోసమే ఉదయ్‌భాస్కర్ మూడేళ్లు ఎదురుచూశాడు. కానీ ఈపాటికి అరడజను నాడులు పట్టుకుని చూశాడు. అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు. నిజం చెప్పాలని నోరు తెరిచాడు. కింది అంతస్తులోని గది గుర్తొచ్చి మూసేశాడు.

ముందు వరసలో ఉన్న వీరదుర్గ తల వదిలి చేతులు విదిల్చుకుంది. "ఇంకా ఎంతసేపు పట్టుకోవాలండీ? తాంబూలాలిచ్చేస్తే వెళ్లిపోతాం. పొయ్యి మీద పప్పెట్టి వచ్చాను."

"తాంబూలాలేంటమ్మా?" అన్నాడు పల్లంరాజు.

"అదేంటండీ! పాపాయమ్మత్త ఇంటికొచ్చి బొట్టెట్టి మరీ పిలిచింది. రాకపోతే ఏం బాగుంటాదండీ?"

తలలన్నీ ఒక్కసారిగా లేచాయి. చేతులన్నీ కిందికి దిగాయి.

ఆయా పాపాయమ్మను పిలిపించారు. ఆమె ఏమాత్రం తొణకలేదు. "మా ధవళేశ్వరంలో తలనొప్పున్నోళ్లని ఓ పదిమందిని తెమ్మన్నారండి. ఊరికే రమ్మంటే ఎవరొస్తారు? కుంకంబరిణి పట్టుకెళ్లి, తల పట్టుకుని కూచుంటే తాంబూలాలిస్తారని చెప్పాను. ఓ ఇంట్లో బొట్టెట్టి పక్కింట్లో ఎట్టకపోతే జన్మంతా మాటలుండవు కదండీ? అందుకని వీధంతా ఎట్టాను. ఆ ఎనక వీధోళ్లు ఏం పాపం చేశారండి?"

"ఎవరు తెమ్మన్నారు?"

"చెప్పనని ఒట్టేశానండి."

అందరి చూపులూ ఉదయ్‌భాస్కర్ మీదికి తిరిగాయి. "నాకు తెలీదండీ" అన్నాడతను. ఇందాక నోరు మూసుకున్నవాడి మాట ఇప్పుడెవరు నమ్ముతారు?

"నాటకాలకి డబ్బెట్టే అలవాటు లేదండీ నాకు" అని పల్లంరాజు వెనక్కి తిరిగాడు. డాక్టరు మూడేళ్ల ఆశ ఆయన వెంటే గుమ్మం దాటి, కారు దాకా నడిచింది. ఆ కారు తలుపుకి అడ్డంగా జగన్నాథరావు నిలబడి ఉన్నాడు.

"ఆగండి రాజుగారూ. చేయించింది నేనండి. డాక్టరుగారికి ఏమీ తెలీదు. మా ఆవిడ సీతారామలక్ష్మికి ముఖంలో నరం నొప్పండి. ముద్ద నమిలినా, మాట్లాడినా, ఫ్యాను గాలి తగిలినా కరెంటు కొట్టినట్టు విలవిల్లాడిపోతుంది. మందులు పడలేదు. గుండె బలహీనం, పుర్రె తెరిచే ఆపరేషన్ వద్దన్నారు కాకినాడలో. గడ్డలకే కాదు, ఈ నరానికీ ఈ మిషనొక్కటే దారన్నారు. నా సొంత అవసరం ఆసుపత్రి లెక్కల్లో కలపకూడదని, మీటింగుల్లో అందరికంటే గట్టిగా వద్దన్నది నేనే. మీరు వచ్చి చూస్తానన్నాక మాత్రం మనసాగలేదండి. లోగడ ఈ మిషనున్న ఢిల్లీకి తీసుకెళ్దామని తనని రైలెక్కించాను. ఆ కుదుపులకి తట్టుకోలేక ఏలూరులోనే దిగిపోయాం. రైలెక్కి పోయినవాళ్లూ, ఎక్కలేక ఇంట్లో పడున్నవాళ్లూ ఈ హాల్లో మీకెలా కనపడతారండీ? మిల్లే లేని ఊరికి ధాన్యం బండి ఎందుకొస్తుంది? రోజూ మధ్యాహ్నం ఫోన్లో నేనొక్కణ్ణే మాట్లాడతాను. విన్నానని చెప్పడానికి తను అటునుంచి రిసీవరు మీద గాజుతో కొడుతుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నన్ను తిట్టని రోజు లేదండి. ఇప్పుడు రెండేళ్లుగా ఒక్క తిట్టూ లేదు. ఇవాళ నేను చేసిన పని తెలిస్తే మాత్రం కడిగేస్తుందండీ. ఆ తిట్లు నా చెవిన పడాలండి, మిషను కాస్త తొందరగా తెప్పించండి."