మూడో అంతస్తు పేపరు దొంగ

"బావా, ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. నేరం చేసినవాళ్ళు, ఇంకా నా కంట పడనివాళ్ళు!"

ఈ మాట అంటున్నప్పుడు మా బావమరిది భూతద్దాన్ని ఎడమ కంటి దగ్గర పెట్టుకున్నాడు. ఇటుపక్క నుంచి చూస్తే ఆ కన్ను సాసరంత కనిపిస్తోంది. ఆ భూతద్దం మా ఆవిడ సూదిలో దారం ఎక్కించుకోవడానికి కొనుక్కున్నది. తమ్ముడు డిటెక్టివ్ అయినప్పటి నుంచి ఆమె కుట్టుపని మూలపడింది. వాడు తలపెట్టిన మొదటి కేసు తన కళ్ళజోడు పోవడం. ఇల్లంతా గాలించి, పాలవాడిని అనుమానించి, చివరికి అది తన ముక్కు మీదే పట్టుబడితే, "ముద్దాయి చాలా తెలివైనవాడు బావా, ఎదురుగానే దాక్కున్నాడు" అన్నాడు.

అలాంటివాడికి కేసు అప్పజెప్పానంటే నా పరిస్థితి ఎంత దిగజారిందో ఊహించుకోవచ్చు.

నేనొక దినపత్రికలో సబ్ ఎడిటర్ని. మా పేట పేజీ నాది. నాది అంటే వార్త రాసేది, దిద్దేది, హెడ్డింగు పెట్టేది, అచ్చయ్యాక చదివేది అన్నీ నేనే. చివరి పని మరీ ముఖ్యం. దాన్ని ఇంకెవరూ చెయ్యడం లేదు.

ఒకప్పుడు మా భవనంలో ప్రతి గుమ్మం ముందూ పేపరు పడేది. నాలుగో అంతస్తు ఇన్సూరెన్సు ఏజెంటు ఫోన్లో 'మన భవనం' అని గ్రూపు పెట్టి, పొద్దున్నే లోకం వార్తలన్నీ అందులో టైపు చెయ్యడం మొదలుపెట్టాక ఒక్కొక్కరే మానేశారు. ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయి అడ్మిన్‌గారూ అని పిలుస్తున్నారు. "అన్నీ గ్రూపులో వచ్చేస్తున్నాయి కదండీ" అనేవారు నాతో, పరామర్శకి వచ్చినట్టు గొంతు తగ్గించి.

మిగిలింది మూడో అంతస్తు లెక్కల మాస్టారు ఒక్కరే. ఆయన గుమ్మం ముందు పేపరు కొన్నాళ్ళుగా మాయమవుతోంది. వేసేవాడు వేశానని ఒట్టు పెడుతున్నాడు. మాస్టారు తలుపు తీసేసరికి కాళ్ళు తుడుచుకునే పట్టా మాత్రమే ఉంటోంది.

"ఆదివారం దాకా చూస్తానయ్యా. ఆ రోజూ లేకపోతే మానేస్తాను" అని తేల్చి చెప్పేశారాయన.

ఈ సంగతి మా సర్క్యులేషన్ మేనేజరు చెవిన పడింది. "పేజీ తయారుచేసేవాడు ఉండే భవనంలోనే చదివేవాడు లేకపోతే పైవాళ్ళకి నేనేం చెప్పనయ్యా? మాస్టారు మానేసిన రోజు నీ పేజీ ఎత్తేస్తారు. పేజీ పోయాక నువ్వెందుకో నువ్వే చెప్పు" అన్నాడు.

అందుకే బావమరిది.

"ఇది మామూలు దొంగతనం కాదు బావా. అచ్చక్షరాన్ని తుదముట్టించడానికి ఫోన్ కంపెనీలు పన్నిన పన్నాగం!"

"మాస్టారి గుమ్మం పట్టా మీదా?"

"చివరి కోట ఎక్కడుంటే ముట్టడి అక్కడే కదా!"

వెంటనే మూడో అంతస్తుకు ఎక్కి, పట్టా ముందు బోర్లా పడుకుని భూతద్దంతో వెతికాడు. ఒక బూటు ముద్ర దొరికింది. గర్వంగా కొలతలు తీసుకున్నాక అది తన బూటుదే అని తేలింది. అయినా జంకలేదు. మాస్టారిని విచారణకి పిలిచాడు.

"పేపరుని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"చూసుంటే పోయిందని ఎందుకంటానయ్యా?"

"మీకు శత్రువులున్నారా?"

"లెక్కలు చెప్పాను నాయనా. ఊళ్ళో సగం మంది."

డిటెక్టివ్ నా వైపు తిరిగి "అనుమానితుల సంఖ్య పెరుగుతోంది బావా" అన్నాడు గుసగుసగా.

నాలుగో అంతస్తులో అడ్మిన్‌గారు మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు. "ఈ రోజుల్లో పేపరు ఎవరెత్తుకుపోతారండీ! దాన్ని చదివేదెవరు?" అంటూ ఒళ్ళంతా తలుపు సందులో అడ్డం పెట్టి నిలబడ్డారు. ఆయన సహకారానికి మావాడు చెయ్యి పట్టుకుని ఊపి మరీ కృతజ్ఞతలు చెప్పాడు. మెట్లు దిగుతూ, "అడ్మిన్‌ని జాబితాలోంచి కొట్టేస్తున్నా. కళ్ళలో నిజాయితీ ఉంది" అన్నాడు.

ఆదివారం తెల్లవారుతుండగా వాడు కాపలాకి బయలుదేరాడు. "కునుకు అనే మాట నా నిఘంటువులో లేదు బావా" అని చెప్పి, చంకలో దిండు పెట్టుకుని వెళ్ళాడు.

కాసేపటికి మెట్ల మీద గోల వినిపించి నేనూ మా ఆవిడా పరిగెత్తాం. వాడు ప్రతి గుమ్మం దగ్గరా బెల్లు కొట్టి, భవనం మొత్తాన్నీ మాస్టారి వాకిట్లో పోగుచేశాడు. చేతిలో నలిగిన పేపరు ఉంది. చెంప మీద మెట్టు అంచు గీత పడి ఉంది.

"మహాజనులారా! నా కాపలాలో ఈ రోజు పేపరు పోలేదు. ఎందుకు పోలేదు? నేనిక్కడ ఉన్నానని దొంగకి ముందే తెలుసు కనుక! ఎవరికి తెలుసు? రాత్రి నా పక్కన కూర్చుని అన్నం తిన్నవాడికి!"

"నేనూ తిన్నానుగా రా" అంది మా ఆవిడ.

"అక్కా, చట్టానికి అడ్డు రాకు!" అంటూ భూతద్దాన్ని నా ముక్కుకి గురిపెట్టాడు. "తన తప్పులు లోకం కంట పడకుండా తన పేజీని తనే మాయం చేస్తున్న సబ్ ఎడిటర్... మా బావ!"

అందరూ నా వైపు తిరిగారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"తప్పుల మాట నిజమేనయ్యా. పేపరు అందిన రోజుల్లో చూశాగా, ముందురోజు పోయినాయన చేత మర్నాడు గ్రంథాలయం ప్రారంభం చేయించావు. కానీ ఇంత పని చేస్తావనుకోలేదు. నువ్వే అయితే ఇప్పుడే చెప్పు. ఈ పూటే మానేస్తాను."

పేజీ, కుర్చీ, ఆ కుర్చీ వెనక గోడకి తగిలించిన నా సంచీ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"మాస్టారూ, నా పేజీ నేనే దొంగిలించాలా? ఆఫీసులో కట్టలు కట్టలు పడుంటాయండీ!"

"చూశారా, ఒప్పుకుంటున్నాడు!" అన్నాడు డిటెక్టివ్.

ఇంతలో మొదటి అంతస్తు పిన్నిగారు వెనక్కి తిరిగి, "ఈ గొడవకేం గానీ అడ్మిన్‌గారూ, ఇవాళ వార్తలింకా పెట్టలేదేం?" అని అడిగారు.

"అవునండీ, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు ఇంకొకరు.

"ఇదిగో... ఒక్క నిమిషం... పెడుతున్నా" అంటూ గోడ పక్కన నిలబడిన అడ్మిన్‌గారు కంగారుగా ఫోను మీద వేళ్ళు ఆడించారు.

వాకిట్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

అందరం చూశాం. అది టైపు చేసిన వార్త కాదు. ఫోటో. మా డిటెక్టివ్ మూడో అంతస్తు మెట్టు మీద తల పెట్టి, నోరు బార్లా తెరిచి పడుకున్నాడు. నుదుటి మీద భూతద్దం ఉంది. రెండు చేతులతో పేపరుని గుండెకి హత్తుకున్నాడు. వాడి బొజ్జ మీద మొదటి పేజీ అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తోంది. పైన పంపినవారి పేరు: అడ్మిన్.

ముందుగా తేరుకున్నది మాస్టారు.

"ఏమయ్యా, తెల్లారకుండా నా పేపరుకి ఫోటో తీసే పని నీకేం పడింది?"

అడ్మిన్‌గారు ఫోను జేబులో దాచుకోబోయారు. "లాగితే లేస్తాడేమోనని భయం వేసిందండీ. ఫోటో చూసి టైపు చేద్దామనుకున్నా. మీరంతా తొందరపెడితే తికమకలో అదే వెళ్ళిపోయింది."

"అంటే ఇన్నాళ్ళూ..."

"మరి వార్తలు ఎక్కడి నుంచి వస్తాయండీ!" ఆయన దాదాపు ఏడ్చేశారు. "నాకేమైనా విలేకరులున్నారా? సోఫా కింద అన్నీ భద్రంగానే ఉన్నాయి, తెచ్చిచ్చేస్తా."

"మీరే పేపరు తెప్పించుకోవచ్చుగా?" అన్నాను.

"నా గుమ్మం ముందు పేపరు పడితే, అడ్మిన్ పేపరు చూసి పెడుతున్నాడని అందరికీ తెలిసిపోదూ?"

మాస్టారు ఫోన్లో పాత వార్తలు పైకి జరిపి చూశారు. "కాపీ కొట్టినా అంకెలు మార్చకుండా కొట్టాడు. నా దగ్గర చదివిన పిల్లలకంటే నయం. సరే, రేపటి నుంచి నా ఇంటికొచ్చి నా ఎదురుగా చదువుకుని వెళ్ళు. పేపరు మానను" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కేసు తేలిపోయింది!" అన్నాడు మావాడు చొక్కా దులుపుకుంటూ. "నిద్ర నటించి వలలో వేశాను."

ఆ సాయంత్రం నా పేజీలో ఈ ఉదంతమంతా రాసి, ఆ ఫోటో మూడు కాలమ్స్‌లో పెట్టాను. ఈ కబురు తెలియగానే భవనంలో ప్రతి ఇంటివాళ్ళూ పేపరు వేసేవాడికి ఫోన్ చేసి రేపు మాకూ వెయ్యమన్నారు.

"ఫోన్లో చూసేశారుగా పిన్నిగారూ?" అని ఆశ్చర్యపోయాను.

"ఫోన్లోది ఎక్కడికో కిందికి వెళ్ళిపోతుంది నాయనా. ఇదైతే కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకుంటాం."

సోమవారం పొద్దున్నే మేనేజరు ఫోన్.

"మీ భవనం నుంచి వరసగా ఫోన్లు వస్తున్నాయయ్యా! మా పేపరు రాలేదు, మా పేపరు ఏదీ అని తిడుతున్నారు! పేపరు రాలేదని ఒకళ్ళు నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో! ఇంత గిరాకీ ఉన్న పేజీని ఎవడు ఎత్తేస్తాడో నేనూ చూస్తాను. ముందు ఆ పేపర్లు ఏమయ్యాయో కనుక్కో."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. వీధి తలుపు మెల్లగా తెరుచుకుంది. భవనం మొత్తానికి పడిన పేపర్ల కట్టని చంకలో ఇరికించుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ మా బావమరిది లోపలికి వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఒరేయ్, భవనంలో పేపర్లన్నీ పోయాయట" అన్నాను.

వాడు కట్టని వీపు వెనక్కి జరిపి, గొంతు సవరించుకుని హుందాగా అన్నాడు:

"ఈ కేసు నేను తీసుకోను బావా."